కుడి మెడ మీద కొత్త వెంట్రుకలు

"ఆ వెనక కమ్మీ వేశాడా లేదా, అది చెప్పమ్మా."

"వేశాడు సార్."

"నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. అయినా వేశాడు."

ఇన్‌స్పెక్టరు కళ్ళు మూసుకుని నుదురు రుద్దుకున్నాడు. పొద్దున్నుంచి ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగాడో ఆయనకే లెక్క తప్పింది. అబద్ధం చెప్పేవాళ్ళు అడిగినకొద్దీ మెరుగులు దిద్దుతారు. ఈమె ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు. నిజమే చెబుతోందని ఆయనకు ఎప్పుడో అర్థమైంది. కానీ "చూళ్ళేదు, అయినా వేశాడు" అని కాగితం మీద రాస్తే మేజిస్ట్రేటు నవ్వుకుని పక్కన పెడతాడు.

డిపార్టుమెంటులో ఆయన్ని ఎదురుగా నిదానం సారు అంటారు, వెనక ఉత్త నిదానం అంటారు. పరిగెత్తి పాలు తాగే రకం కాదు, నిలబడి నీళ్ళు తాగే రకం. ఉద్యోగం ఇంకా ఉంది గానీ నడుం ఎప్పుడో రిటైరైపోయింది. చొక్కా కింద వెడల్పాటి బెల్టు కట్టుకుంటే తప్ప కుర్చీలోంచి లేవలేడు, కిందపడ్డ పెన్ను తీసుకోలేడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. ఈ పాల గదిలో క్యాన్ల మధ్య స్టూలు మీద కూర్చుని, ఇల్లు, మంచం, నిద్ర అన్న మూడు మాటలు తప్ప మరేమీ ఆలోచించలేని స్థితికి వచ్చాడు.

మొన్న ఉదయం ఈ పక్కనున్న కొట్టంలో పెద్ద డాక్టరు చనిపోయాడు. చుట్టుపక్కల పశువులన్నిటికీ ఆయనే డాక్టరు, జుట్టు నెరిసేదాకా అదే పని. ఆవులకు క్షయ ఉందేమో చూసే పరీక్ష కోసం ఇక్కడికి వచ్చాడు. ఆ పరీక్షకు మెడ మీద కాస్త వెంట్రుకలు గొరిగి, తోలులోకి సూది మందు వేస్తారు. మూడో రోజు మళ్ళీ వచ్చి అక్కడ చర్మం ఎంత వాచిందో కొలుస్తారు. వాచితే జబ్బున్నట్టు, అలాంటి ఆవును చంపించేస్తారు. సూది వేసి వెళ్ళిన పెద్ద డాక్టరు మూడో రోజు కొలవడానికి వచ్చి, కొలవకుండానే పోయాడు. ఆవును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం వెనక, నడినెత్తి పగిలి పడి ఉన్నాడు. చట్రంలో బొల్లావు ఉంది. దాని కాళ్ళ వెనక అడ్డంగా ఉండాల్సిన కమ్మీ ఊడదీసి ఉంది.

కమ్మీ వెయ్యడం పాలు పితికే అతని పని. వెయ్యలేదు గనక ఆవు తన్నింది, తన్నింది గనక డాక్టరు చచ్చిపోయాడు, కాబట్టి అతను లాకప్పులో ఉన్నాడు. ఈ సాయంత్రంలోగా కోర్టుకు పంపాలి. ఎదురుగా బోర్లించిన క్యాను మీద కూర్చున్నది అతని పెళ్ళాం.

"కమ్మీ వేసినవాడు మరి అక్కడ లేకుండా ఎక్కడికి పోయాడు?"

"అమ్మగారు ఇంట్లోకి పిలిచారు సార్, ఏదో బస్తా దించాలని. వేసే వెళ్ళాడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన్ని ఎప్పుడు వదుల్తారు సార్? మేమిద్దరం ఉంటేనే ఈ పని తెమలదు. నిన్నట్నుంచి నేనొక్కదాన్నే పితుకుతున్నాను. చేతులు పడిపోతున్నాయి."

ఇన్‌స్పెక్టరు గోడ పట్టుకుని లేచాడు.

చట్రం కొట్టం చివర ఉంది. కుడివైపు గోడకు ఆనించి బిగించారు, ఎడమవైపు మనిషి నిలబడి పని చేసుకోవడానికి ఖాళీ. పక్కల రెండు వరసల కమ్మీలు, ముందు మెడ పట్టే చట్రం, వెనక తీసి వేసుకునే పొడుగాటి కమ్మీ. అన్నిటికీ పేడ అట్టలు కట్టి ఎండిపోయింది. కడిగే ఓపిక ఎవరికుంటుంది. ఆయన చూపు వెనక కమ్మీ దగ్గర ఆగింది. అదొక్కటీ తోమిన గిన్నెలా శుభ్రంగా ఉంది.

కమ్మీని రుమాలుతో పట్టుకుని ఎత్తి చూశాడు. చేతికి బరువుగా తగిలింది.

"దీన్నెవరు కడిగారు?"

"మేం కడగం సార్, దాన్ని కడగడమేంటి," అంది ఆమె, నిజంగా ఆశ్చర్యపోతూ.

శవం మీద దొరికిన వస్తువులు కానిస్టేబులు సంచీలో ఉన్నాయి. కళ్ళద్దాలు. చర్మం మందం కొలిచే పరికరం, దాని పెట్టెలో పెట్టింది పెట్టినట్టే ఉంది. నడుం బెల్టు ఒకటి, వెడల్పాటిది, కొక్కేలు అరిగింది. ఇన్‌స్పెక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే చూశాడు. తనదీ అదే కంపెనీ, అదే సైజు. తెలియని మనిషి చావు ఒక్కసారిగా తనింట్లో చావులా అనిపించింది. ఈ బెల్టు కట్టుకున్నవాడు వంగలేడని, ఆవు డెక్క దగ్గరికి నడినెత్తి తీసుకెళ్ళలేడని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నిలబడ్డ మనిషిని ఆవు తంతే తొడకో పొట్టకో తగులుతుంది. నెత్తిన తగలాలంటే ఆవు నిచ్చెన ఎక్కాలి.

కమ్మీని గుడ్డలో చుట్టించి, ఒక కానిస్టేబులుకు ఇచ్చి జీపులో లాబొరేటరీకి పంపించేశాడు. జీపు గేటు దాటుతుండగా ఎదురుగా తెల్లటి వ్యాను లోపలికి వచ్చింది.

వ్యాను నడుపుకుంటూ వచ్చింది చిన్న డాక్టరు. పశువుల శాఖలో, జబ్బుల మీద వచ్చిన కొత్త చట్టం అమలు చేసే అధికారి. పెద్ద డాక్టరు ఉన్నాడు గనక ఈయన చిన్న డాక్టరు. ఇప్పుడు ఆ తేడా చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇస్త్రీ నలగని చొక్కా, అలసట తెలియని ముఖం. శాఖ తరఫున విచారణ చేసి, ఇది ప్రమాదమేనని నిన్ననే నివేదిక ఇచ్చేశాడు. ఆయన్ని చూస్తేనే ఇన్‌స్పెక్టరుకు ఇంకాస్త నీరసం వచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నారా ఇన్‌స్పెక్టరు గారూ? మీ పైవాళ్ళతో మాట్లాడాను. సాయంత్రానికి ఫైలు మూసేస్తామన్నారు."

"మూస్తే మంచిదే బాబూ, నాకూ నిద్రొస్తోంది. ఒక్క సందేహం. మెడ కొలవడానికి వచ్చినాయన తోక దగ్గరెందుకు పడ్డాడు?"

"చుట్టూ తిరిగి వెళ్తుంటే తన్ని ఉంటుంది."

"నడినెత్తినా?"

"వంగి ఉంటాడు."

"ఆయన వంగలేడు."

చిన్న డాక్టరు నవ్వాడు. "బెల్టు చూసి హత్య అంటారా? రేపు టోపీ చూసి దోపిడీ అంటారు. ఒక పనివాడు నిర్లక్ష్యం చేశాడు, ఒక పెద్దమనిషి పోయాడు. గోరంతను కొండంత చెయ్యకండి. ఆ బొల్లావును తీసుకెళ్ళడానికి వచ్చాను."

"ఎక్కడికి?"

"చంపించెయ్యడానికి. చెక్‌పోస్టు ఇవతలే సున్నం పోసి గొయ్యి సిద్ధం చేయించాను. మనిషి ప్రాణం తీసిన పశువు, పైగా పరీక్ష పూర్తికాని పశువు. అలాంటిదాన్ని తీసెయ్యమనే అధికారం కొత్త చట్టం నాకిచ్చింది." జేబులోంచి ఉత్తర్వు తీసి చూపించాడు. సంతకం ఆయనదే, ముద్ర ఆయనదే.

"పరీక్ష మళ్ళీ చెయ్యచ్చుగా. మీరే చెయ్యచ్చు."

ఈ మాటకు చిన్న డాక్టరుకు కాస్త చిరాకు, కాస్త ఉత్సాహం రెండూ కలిగాయి. తెలిసిన విషయం తెలియనివాడికి చెప్పే అవకాశం వస్తే కొందరు ఆగలేరు.

"ఇది మీరనుకున్నంత తేలిక కాదు. పాత రూలులో ఒకే చోట గొరిగి ఒకే సూది వేసేవాళ్ళు. వేరే చిన్నాచితకా క్రిములకు కూడా మెడ వాచేది, మంచి ఆవులు కూడా పోయేవి. ఈ నెల మొదటి తారీఖు నుంచి రెండు సూదులు, పైనొకటి, కిందొకటి. రెండు వాపులూ పోల్చి చూడాలి. దానికి వేరే శిక్షణ ఉంది. పోయిన నెలంతా ఈ చుట్టుపక్కల అది వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పెద్ద డాక్టరుక్కూడా ఈ నెలలో నేనే నేర్పాను."

"అంత వచ్చినవారు ఈ కొట్టానికి మీరే రాకుండా ఆయన్నెందుకు పంపారు?"

"ఈ కొట్టం మా మేనత్తది. బంధువుల పశువులను పరీక్షించకూడదని అదే చట్టం చెబుతోంది. ఆయన పోయినరోజు దాకా నేనీ కొట్టంలో అడుగే పెట్టలేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి. ఇక మళ్ళీ పరీక్షంటారా, ఒకసారి మందు పడ్డాక రెండు నెలలు ఆగాలి. ఈలోపు సూది వేస్తే జబ్బున్న ఆవుకు కూడా వాపు రాదు. అన్ని రోజులు ఆ ఆవు ఇంకెవర్నీ తన్నదని మీరు పూచీ ఉంటారా?"

ఇన్‌స్పెక్టరు పూచీ ఉండలేదు. తన జీవితానికే పూచీ లేదు, ఆవుకేం ఉంటాడు. చట్టం అవతలివాడి చేతిలో ఉంది, తన చేతిలో అరిగిన బెల్టు ఉంది. "తీసుకెళ్ళండి," అన్నాడు.

తీసుకెళ్ళడం మాటల్లో అయినంత సులువుగా కాలేదు. పలుపు విప్పి బయటికి తెచ్చేదాకా బొల్లావు పిల్లిలా వచ్చింది. వ్యాను దగ్గర చిన్న డాక్టరును చూడగానే నాలుగు కాళ్ళూ పాతేసింది. ఆయన ఒక్కడుగు ముందుకేస్తే అది రెండడుగులు వెనక్కు తన్నుకుంది. కళ్ళు తెల్లగా తిప్పి, మెడ పక్కకు విరిచేసి, బుసలు కొట్టింది. కానిస్టేబులు వెనక నుంచి నెట్టబోయి పేడలో జారాడు.

పాలు పితికే ఆమె పరుగున వచ్చి ఆవు మెడ కావలించుకుంది. దాని చెవిలో, పసిపిల్లకు చెప్పినట్టు, "ఏం లేదే, ఏం లేదు. ఈసారి సూది లేదులే," అంది.

వ్యాను తలుపు మీదున్న చిన్న డాక్టరు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరవాత తలుపు పూర్తిగా తెరిచాడు.

ఆమె ముందు ఎక్కితే ఆవు వెనకే ఎక్కింది. ఆమె దిగబోతే అదీ దిగబోయింది. ఈ తిప్పలు రెండుసార్లు చూశాక ఇన్‌స్పెక్టరుకు ఓపిక అయిపోయింది.

"నువ్వూ దానితో వెళ్ళమ్మా. దింపేసి వచ్చెయ్యి."

"నేను వచ్చేసరికి ఆయన్ని వదుల్తారా సార్?"

"చూస్తాను."

ఆ "చూస్తాను" అన్న మాటకే ఆమె ముఖం విప్పారింది. రెండు రోజుల్లో ఆయన చూసిన మొదటి నవ్వు అది. వ్యాను కదిలింది. ఆవు మెడ మీద చెయ్యేసి, గేటు మలుపు తిరిగేదాకా ఆమె ఆయన వైపే చూసింది.

ఇన్‌స్పెక్టరు కొట్టంలోకి తిరిగి వచ్చాడు. చేతులు కడుక్కోవడానికి కుళాయి గోడ దగ్గర ఉంది, అక్కడికి వెళ్ళాలంటే రెండు ఆవుల మధ్య నుంచి దూరాలి. సగం దూరేసరికి నడుంలో కలుక్కుమంది. పడిపోకుండా పక్కనున్న ఆవు మెడ పట్టుకున్నాడు. అది మంచి ఆవు, కదలకుండా నిలబడింది. నొప్పి తగ్గేదాకా దానికి ఆనుకునే ఉన్నాడు.

అరచేతి కింద ఏదో గరుకుగా తగిలింది. చుట్టూ మెత్తటి బొచ్చు, మధ్యలో అగ్గిపెట్టంత మేర పొట్టిగా, ముళ్ళుముళ్ళుగా. ఇంకో చెయ్యి తనకు తెలియకుండానే తన గడ్డం మీదికి వెళ్ళింది. గొరిగిన చోట మళ్ళీ మొలిచే వెంట్రుక ఎలా ఉంటుందో ఈ రెండు రోజులుగా ఆయనకు బాగానే తెలుసు.

వంగలేడు గనక తలే పక్కకు వంచి చూశాడు. కుడి మెడ. పైన ఒకటి, దానికి కింద ఒకటి. అటువైపు తిరిగి ఎడమ మెడ చూశాడు. అక్కడా పైనొకటి, కిందొకటి, కానీ అవి నున్నగా ఉన్నాయి, ఈ వారంలో పెద్ద డాక్టరు గొరిగినవి. కుడివైపువి పాతవి. పక్క ఆవును చూశాడు, దానికీ అంతే. దాని పక్కదానికీ అంతే. ఎడమ మెడ మీద కొత్త గుర్తులు, కుడి మెడ మీద సగం మొలిచిన వెంట్రుకలు.

నిదానం సారు బుర్ర నిదానంగానే కదిలింది, కానీ ఈసారి ఆగకుండా కదిలింది. వెంట్రుక ఇంత పెరగాలంటే నెల పైమాటే. నెల కిందట పాత రూలు, ఒకే సూది, ఒకే గుర్తు. మరి ఇక్కడ రెండెందుకున్నాయి? రెండు సూదుల పరీక్ష అప్పటికి చేతనైనవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. ఆ ముక్క అడక్కుండానే తన నోటితో చెప్పాడు. దొంగతనంగా వచ్చినవాడు ఒక్క సూది పొడిచి పోయి ఉంటే ఈ జన్మకు ఎవరికీ తెలిసేది కాదు. కానీ కొత్తగా నేర్చుకున్న విద్య. పైనొకటి, కిందొకటి, పద్ధతిగా గొరిగి మరీ వేశాడు.

"అవి ముట్టుకోకండి సార్, బెదురుతాయి," అంటూ యజమానురాలు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కుడితి బకెట్టు. యాభై దాటిన మనిషి, నిద్రలేని కళ్ళు.

"కుడి మెడలు ఎవరు గొరిగారమ్మా?"

బకెట్టు కింద పెట్టింది. పెట్టిన చెయ్యి దాని మీద నుంచి తియ్యలేదు. కాదనడానికి ఓపిక కావాలి, ఆవిడ దగ్గర అది మిగల్లేదు.

"మావాడే," అంది. "చట్టం రాకముందే ఎన్నిటికి జబ్బుందో తెలుసుకుందాం అత్తా, అన్నాడు. బొల్లికీ ఇంకో రెండిటికీ వాచింది. వాటిని అమ్మేద్దామంటే నాకు మనసొప్పలేదు. ఆ జబ్బు ఇంకొకరి కొట్టానికి అంటించడం నావల్ల కాదన్నాను. అయితే ఊరుకో, రెండు నెలలు తిరక్కుండా సర్కారు పరీక్ష పెట్టిస్తాను, ఏ మెడా వాచదు, కొట్టం నిలుస్తుంది అన్నాడు. ఊరుకున్నాను. అదే నేను చేసిన పాపం."

"పెద్ద డాక్టరు కనిపెట్టాడా?"

"సూదులు వేసి వెళ్ళిన మర్నాడు ఫోన్ చేశాడు. కుడి మెడ మీద వెంట్రుకలేమిటమ్మా, నేను రాయాల్సి వస్తుంది, అన్నాడు. మావాడికి చెప్పాను. పోయి ఆయన కాళ్ళు పట్టుకోరా, పెద్దాయన, కరుగుతాడు, అన్నాను. మాట్లాడుకుంటారు గదాని పనివాణ్ణి కూడా లోపలికి పిలిచాను. కాళ్ళు పట్టుకోమన్నాను సార్. నేను చెప్పింది అంతే." ఆవిడ ఆవుల ముందు అలాగే నిలబడి ఏడ్చింది.

ఇన్‌స్పెక్టరుకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. ఏది ముందు చూపించాలో తేలక ఇంకో ప్రశ్న అడిగాడు.

"నెల కిందట మీవాడు సూదులు వేస్తుంటే ఆవుల్ని పట్టుకున్నదెవరు?"

"ఇంకెవరు, అదే. పనివాడి పెళ్ళాం. మొగుడు పాలు వెయ్యడానికి పోయినప్పుడు. దానికేం తెలుసు పాపం, డాక్టరంటే డాక్టరే అనుకుంది."

ఈసారి సూది లేదులే.

ఆమె ఆ మాట ఆవుతో అన్నప్పుడు తను పక్కనే ఉన్నాడు. విన్నాడు కూడా. పెద్ద డాక్టరు సూది గురించి అంటోందిలే అనుకున్నాడు. కానీ ఆవు బెదిరింది పెద్ద డాక్టరును చూసి కాదు, చిన్న డాక్టరును చూసి. పొద్దున్నుంచి కమ్మీ, కమ్మీ అని ఆమె ప్రాణం తోడేశాడు గానీ, ఈ కొట్టానికి ఇంకెవరు వచ్చేవారమ్మా అని ఒక్కసారి అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది. ఒక్క అక్షరం కలపకుండా, తియ్యకుండా చెప్పేది. తను అడగలేదు. వినకూడనివాడు మాత్రం వ్యాను తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

ఫోను తీసి చెక్‌పోస్టుకు చేశాడు. అక్కడి కానిస్టేబులు ఆవలిస్తూ ఎత్తాడు.

"తెల్ల వ్యాను వచ్చిందా? పశువుల డాక్టరుది."

"ఇప్పుడే దాటింది సార్. డాక్టరుగారే నడుపుతున్నారు. పశువుల బళ్ళకు కొత్త రూలు కదా, వెనక తలుపు తీసి చూసి మరీ వదిలాను. ఒక ఆవు."

"దాంతో ఒక ఆడమనిషి ఉండాలి."

"ఎవరూ లేరు సార్."

"ముందు సీట్లో?"

"డాక్టరుగారొక్కరే సార్. వెనక ఆవొక్కటే. పాపం ఒకటే అరుపు, దూడను ఎవరో లాక్కుపోయినట్టు."

సున్నపు గొయ్యి చెక్‌పోస్టుకు ఇవతల ఉంది. ఆవు కోసం తవ్విన గొయ్యి. ఆవు దాన్ని దాటి వెళ్ళిపోయింది.

"ఆ వ్యాను వెనక పడి ఆపించు, ఆయన్ని కదలనివ్వకు," అని చెక్‌పోస్టుకు చెప్పి, బయటికి నడిచాడు. నడవలేదు, పరిగెత్తాడు. పేడలో జారి తన బట్టలు తుడుచుకుంటున్న కానిస్టేబులు, నిదానం సారు పరిగెత్తడం చూసి నోరు తెరిచాడు.

"మోటారుసైకిలు తియ్యి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పార ఉంటే అదీ తీసుకో."